విశాఖ ఉక్కలో హామ్‌స్టర్: ముందు చోటు చూడండి, తర్వాతే మేత

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. మధురవాడలో పై అంతస్తు ఫ్లాటు. ఆరో తరగతి చదివే పాప పుట్టినరోజుకి రెండు హామ్‌స్టర్లు (ఎలుకలాంటి చిన్న పెంపుడు జంతువులు) కొన్నారు. షాపులో ఇచ్చిన అడుగున్నర తీగల కేజ్‌లోనే రెండూ ఉన్నాయి. రాత్రంతా ఊచలు కొరుకుతున్నాయి, ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి, పాప చెయ్యి పెడితే కరిచాయి. పగలు గాలి తగులుతుందని కేజ్‌ని బాల్కనీలో పెడుతున్నారు. సంక్రాంతికి ఊరెళ్తే వీటినేం చెయ్యాలన్నారు. ఇంతా చెప్పి చివర్లో "ఏం తినిపించాలి?" అని అడిగారు.

తిండి సంగతి తర్వాత చెప్తాను. నేను డాక్టర్ని కాను. సీతమ్మధారలో చాలా ఏళ్ళుగా వీటిని పెంచుతున్నాను, ఇక మావల్ల కాదని ఎవరైనా వదిలేస్తే వాటినీ తెచ్చుకుని సాకుతున్నాను. నా దగ్గరికి దెబ్బతిని వచ్చిన వాటిలో తిండి వల్ల పాడైనవి తక్కువ. వేడి, ఉక్క, ఇరుకు, జతగా ఉంచడం, ఎక్కువగా వీటివల్లే.

ఈ రోజే రెండు పనులు చెయ్యండి. ఒకటి, కేజ్ బాల్కనీ నుంచి లోపలికి తీసుకురండి. రెండు, వాటిని విడదీయండి. రెండో కేజ్ కొనేదాకా ఆగకండి. బట్టలు పెట్టుకునే పెద్ద ప్లాస్టిక్ డబ్బా ఉంటే మూతకి, పక్కలకి బెజ్జాలు చేసి, అడుగున ఉత్త టిష్యూ పేపర్ చింపి వేసి, నీళ్ళు, నాలుగు గింజలు పెట్టి ఒకదాన్ని అందులోకి మార్చండి. రెండు మూడు రోజులకి ఇబ్బంది ఉండదు.

ఎందుకు విడదీయాలో చెప్తాను. ముందు మీ దగ్గరున్నది ఏ రకమో చూడండి. పెరిగాక 12 నుంచి 17 సెంటీమీటర్ల పొడవు, 100 గ్రాముల పైన బరువు ఉంటే అది సిరియన్. షాపుల్లో టెడ్డీబేర్ అనీ, పాండా అనీ రకరకాల పేర్లు చెప్పి అమ్మేవి ఎక్కువగా ఇవే. వెంట్రుకల పొడవు, రంగు తేడా, అంతే. అరచేతిలో పట్టేసే 7 నుంచి 10 సెంటీమీటర్లవి డ్వార్ఫ్ రకాలు. ఇంకా చిన్నవి, క్షణం నిలవనివి రోబరోవ్‌స్కీలు. సిరియన్ అయితే ఇక ఆలోచించే పని లేదు. అది ఒంటరి జంతువు. ఐదారు వారాల వయసు దాటాక ఇంకో సిరియన్‌ని తన చోట్లో ఉండనివ్వదు. అక్కాచెల్లెళ్ళైనా సరే, చిన్నప్పటి నుంచీ కలిసి పెరిగినా సరే. "జతగా ఉంటే తోడుంటుంది" అని షాపులో చెప్పే మాట కుక్కలకీ చిలకలకీ పనికొస్తుందేమో గానీ వీటికి కాదు. రాత్రి మీరు నిద్రపోయాక కొట్టుకుని పొద్దున్నకి ఒకటి చచ్చి పడున్న ఇళ్ళు నాకు తెలుసు. డ్వార్ఫ్‌లు కొన్ని కలిసి ఉంటాయి గానీ, మీరు చెప్పిన తరమడం, కీచుమనడం మొదలయ్యాక వాటినీ విడిగా ఉంచడమే క్షేమం.

ఇంకో కారణం, ఒకటి మగా ఒకటి ఆడా అయితే పిల్లలు. నాలుగైదు వారాల వయసుకే ఇవి ఈడుకొస్తాయి. సిరియన్‌కి చూలు 16 రోజులే, డ్వార్ఫ్‌లకి ఇంచుమించు మూడు వారాలు. ఈతకి అరడజను నుంచి డజను దాకా పిల్లలు. షాపులో అన్నిటినీ ఒకే తొట్టెలో ఉంచుతారు కాబట్టి ఆడది ఇప్పటికే చూలుతో ఉన్నా ఆశ్చర్యం లేదు. పొట్ట పక్కలకి ఉబ్బి, గూటిలోకి పేపరు తెగ లాక్కెళ్తుంటే అనుమానించండి. పిల్లల్ని పెడితే రెండు వారాలు గూడు కదపకండి, పిల్లల్ని ముట్టుకోకండి. బెదిరిన తల్లి పిల్లల్ని తినేస్తుంది. పాపకి ఈ మాట ముందే చెప్పండి. నాలుగు వారాలు తిరగకుండానే మగ పిల్లల్నీ ఆడ పిల్లల్నీ వేరు చెయ్యాలి, లేకపోతే కథ మళ్ళీ మొదలు.

ఇప్పుడు అసలు విషయం, వేడి.

"ఎడారి జంతువు కదండీ, తట్టుకుంటుంది" అని చాలామంది నాతో అంటారు. ఆ ఊహ ఎక్కడ తప్పుతుందో తెలుసుకుంటే మిగతా ఏర్పాట్లన్నీ మీకే తోస్తాయి. 1930లో ఇజ్రాయెల్ అహరోనీ అనే జంతుశాస్త్రవేత్త సిరియాలో అలెప్పో దగ్గర ఒక పొలం తవ్వించి ఒక తల్లినీ దాని పిల్లల్నీ బయటికి తీయించాడు. ఈ రోజు ఇళ్ళలో పెరుగుతున్న సిరియన్ హామ్‌స్టర్లు దాదాపు అన్నీ ఆ ఒక్క కాన్పు సంతతే. గమనించాల్సింది ఏమిటంటే, వాటి కోసం నేల తవ్వాల్సి వచ్చింది. ఆ ప్రాంతంలో అడవి హామ్‌స్టర్ల బొరియలు కొలిచినప్పుడు సగటున 65 సెంటీమీటర్ల లోతు తేలాయి, కొన్ని మీటరు దాకా దిగాయి. పైన నేల కాలిపోతున్నా ఆ లోతున చల్లగా ఉంటుంది. అంటే అది ఎండని తట్టుకునే జంతువు కాదు, ఎండ తగలకుండా బతకడం నేర్చుకున్న జంతువు. మీ బాల్కనీలో దానికి దిగడానికి నేల లేదు.

దానికి బాగుండేది 18 నుంచి 24 డిగ్రీలు. 26, 27 దాకా ఓర్చుకుంటుంది. 30 దాటితే ప్రమాదం మొదలైనట్టే. మే నెల విశాఖలో నీడలోనే 34, 35 అవుతుంది, సముద్రపు తేమ వల్ల రాత్రి కూడా చల్లబడదు. పై అంతస్తుకి ఇంకో తంటా ఉంది. పగలంతా ఎండ తాగిన శ్లాబు రాత్రి పదింటికి కూడా సెగ వదులుతూనే ఉంటుంది. సరిగ్గా అప్పుడే హామ్‌స్టర్ నిద్ర లేచి పరిగెత్తడం మొదలుపెడుతుంది.

ఫ్యాను సరిపోదా అంటారేమో. మనకి చెమట పడుతుంది, గాలికి ఆ చెమట ఆరి చల్లబడతాం. హామ్‌స్టర్‌కి చెమట పట్టదు. వేడి గాలి మీదికి తోస్తే దానికి ఒరిగేది తక్కువ. కూలర్ సంగతి సరేసరి. హైదరాబాద్ పొడి ఎండలో పనిచేసినట్టు ఇక్కడ పనిచెయ్యదు, ఉన్న తేమకి ఇంకాస్త తేమ కలుపుతుంది. ఏసీ గది ఉంటే మార్చి చివరి నుంచి జూన్ దాకా కేజ్ అందులోనే ఉంచి 25, 26 దగ్గర పెట్టండి. చల్లగాలి సూటిగా కేజ్ మీదికి కొట్టకుండా చూడండి. తేమ కూడా తగ్గుతుంది కాబట్టి ఏసీ ఇక్కడ రెండు పనులు చేస్తుంది.

ఏసీ లేకపోతే పెంచకూడదా? పెంచొచ్చు గానీ చోటు ఎంచుకోవాలి. పడమటి గోడకి ఆనుకుని వద్దు, వంటింటి పక్కన వద్దు, కిటికీ ఎండ పడే చోట వద్దు. ఇంట్లో అన్నిటికన్నా లోపలగా, చల్లగా ఉండే గదిలో, నేలకి దగ్గరగా పెట్టండి. ఉష్ణోగ్రతతో పాటు తేమ కూడా చూపించే చిన్న మీటర్ ఒకటి కొని కేజ్ పక్కన పెట్టండి, ఖరీదు ఎక్కువేం కాదు. బొమ్మల మీద పెట్టే డబ్బు ముందు దీనికి పెట్టండి. కేజ్‌లో ఒక కడప రాయి ముక్క గానీ, పాలరాయి బిళ్ళ గానీ వెయ్యండి. వేడెక్కినప్పుడు అదే వచ్చి పొట్ట ఆనించి పడుకుంటుంది. చిన్న మట్టి ముంతని పక్కకి పడుకోబెట్టి సగం బెడ్డింగ్‌లో, అంటే కేజ్ అడుగున పరిచే పేపరు, గడ్డి పొరలో, పూడిస్తే మంచి గూడు. మెరుపు పూత లేని మట్టిదే తీసుకోండి, దవడల నిండా గింజలున్నా హామ్‌స్టర్ దూరేంత వెడల్పుగా ముంత మూతి ఉండాలి. కరెంటు పోయిన రోజుకి ఫ్రీజర్‌లో ఒక నీళ్ళ సీసా గడ్డకట్టించి ఉంచండి, గుడ్డ చుట్టి కేజ్ బయట ఒక పక్కన ఆనించొచ్చు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్ళో రోజుల తరబడి కరెంటు లేదు. ఏసీ మీదే భారం వేసి కూర్చోవద్దని అందుకే అంటాను.

వడదెబ్బ లక్షణాలు గుర్తుపెట్టుకోండి. చాపలా పరుచుకుని పడుకోవడం, ఆగకుండా ఎగశ్వాస, మూతి దగ్గర తడి, లేపితే తూలడం. వెంటనే చల్లటి గదికి మార్చి, మామూలు నీళ్ళలో తడిపి పిండిన గుడ్డతో చెవులు, పాదాలు ఒత్తండి. ఐసు నీళ్ళు వద్దు, నీళ్ళలో ముంచడం అసలే వద్దు. పెదవి దగ్గర ఒక చుక్క నీళ్ళు పెట్టి, తనంతట తాను నాకితేనే ఇంకో చుక్క. కాస్త తేరుకున్నా సరే డాక్టరుకి చూపించండి.

ఊచలు కొరకడం అల్లరి కాదు. చోటు చాలక చేసే పని. పళ్ళు విరుగుతాయి, ముక్కు మీద చర్మం ఊడుతుంది. అడుగున్నర కేజ్ దానికి సరిపోదు. ఒకే అంతస్తులో కనీసం 100 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు, 50 ఎత్తు ఉండాలి, అంటే సుమారు మూడుంపావు అడుగుల పెట్టె. రంగురంగుల గొట్టాలతో మూడంతస్తుల మేడలు అమ్ముతారు. వాటికి డబ్బు తగలెయ్యకండి. ఎక్కిన చోటి నుంచి కింద పడితే కాళ్ళు విరగ్గొట్టుకుంటుంది, తవ్వుకోవడానికి నేల ఉండదు. తెలిసిన వడ్రంగి ఉంటే ప్లైవుడ్ పెట్టెకి లోపల మైకా అంటించి, ముందువైపు అద్దం, పైన సన్నని ఇనప జల్లెడ పెట్టించండి. జల్లెడ కన్ను సిరియన్‌కి ఒక సెంటీమీటర్ మించకూడదు, డ్వార్ఫ్‌కి ఇంకా సన్నంగా ఉండాలి. చేపలు పెంచి వదిలేసిన పాత అక్వేరియం పెద్దదైతే అదీ బాగుంటుంది. కానీ నాలుగు వైపులా అద్దం కాబట్టి ఉక్క లోపలే నిలుస్తుంది. మీది పై అంతస్తు, మీకైతే నేను పెట్టే చెప్తాను.

లోపల బెడ్డింగ్ కనీసం ఒక వైపైనా 25, 30 సెంటీమీటర్ల మందాన ఉండాలి, అప్పుడే సొరంగాలు నిలబడతాయి. అచ్చు లేని పేపర్ బెడ్డింగ్ మంచిది. ఖరీదు అనిపిస్తే వాసన లేని టిష్యూ, అట్టముక్కలు, ఎండుగడ్డి పొరలు పొరలుగా వెయ్యండి. కోత మిల్లు దగ్గర ఉచితంగా వచ్చే రంపపు పొట్టు వద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అది ఏ చెక్కో కూడా మనకి తెలియదు. పైన్, దేవదారు పొట్టు వాసనకే వాటికి హాని. "మెత్తగా ఉంటుంది" అని అమ్మే దూది మరీ ప్రమాదం. దారాలు కాళ్ళకి చుట్టుకుని రక్తం ఆగిపోతుంది, దవడ సంచుల్లో ఇరుక్కుంటుంది.

మన ఊళ్ళో ఇక్కడే జాగ్రత్త కావాలి. వానాకాలంలో, మళ్ళీ అక్టోబరు, నవంబరు తుఫాన్ల రోజుల్లో, పైకి పొడిగా కనిపించే బెడ్డింగ్ అడుగున చెమ్మగిల్లి బూజు పడుతుంది. వారానికోసారి చెయ్యి అడుగుదాకా పెట్టి చూడండి. చెమ్మ తగిలిన చోటు మాత్రం తీసి కొత్తది వెయ్యండి. మొత్తం ఒకేసారి మార్చి కడిగేస్తే దాని వాసన పోయి బెదిరిపోతుంది. అది సాధారణంగా ఒక మూలే ఒంటికి పోసుకుంటుంది, ఆ మూల రెండు రోజులకోసారి తీసేస్తే ఇంట్లో వాసన ఉండదు. దాచుకున్న గింజల కుప్ప కూడా మొత్తం లాగేయకండి, తడి ముక్కలు మాత్రం ఏరండి. ఆ కుప్పకి చీమలు పడతాయి. అప్పుడు చీమల చాక్‌పీస్ గీయడం, స్ప్రే కొట్టడం చెయ్యొద్దు, ఆ మందు దానికీ విషమే. పూర్వం వంటింట్లో పాలగిన్నెల బల్లకి చేసినట్టు స్టాండు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టండి. దోమల చుట్ట, అగరుబత్తి, సాంబ్రాణి పొగ ఆ గదిలో వద్దు.

వీల్ (లోపల పరిగెత్తే చక్రం) లేకుండా హామ్‌స్టర్ ఉండలేదు, రాత్రికి కొన్ని కిలోమీటర్లు పరిగెడుతుంది. కానీ కేజ్‌తో వచ్చే చిన్న వీల్‌లో వీపు వంగిపోతుంది. సిరియన్‌కి 28 సెంటీమీటర్లు, డ్వార్ఫ్‌కి 20. పరిగెత్తే చోట ఊచలు కాకుండా నున్నటి పలక ఉండాలి, లేకపోతే కాలు ఇరుక్కుంటుంది. ప్లాస్టిక్ బంతిలో పెట్టి ఇల్లంతా దొర్లించడం మనకి సరదా, దానికి ఊపిరాడదు.

నీళ్ళతో స్నానం ఎప్పుడూ చేయించకండి. ఒక గిన్నెలో మెత్తటి పొడి ఇసుక పెడితే తానే దొర్లి శుభ్రం చేసుకుంటుంది. ఆర్కే బీచ్ ఇసుక తెచ్చేస్తారని ముందే చెప్తున్నాను, అందులో ఉప్పు, చెత్త, కుక్కల మలం అన్నీ ఉంటాయి. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల మీద చెయ్యి వెయ్యకండి, అది రక్షిత భౌగోళిక వారసత్వ స్థలం. నది ఇసుకని సన్నగా జల్లించి, తేటనీళ్ళు వచ్చేదాకా కడిగి, మూకుడులో బాగా వేయించి చల్లార్చితే సరిపోతుంది.

ఇక మీరడిగిన మేత. రోజుకి సిరియన్‌కి ఒక టేబుల్ స్పూన్, డ్వార్ఫ్‌కి ఒక టీ స్పూన్ పొడి మేత చాలు. మంచి పెల్లెట్ (షాపులో దొరికే గుళికల మేత) సగం, గింజలు సగం. గింజలకి పూర్ణా మార్కెట్టో, మీ దగ్గరి రైతుబజారో చాలు. కొర్రలు, సామలు, చోళ్ళు, గోధుమలు, ఓట్స్, కొద్దిగా అవిసెలు. పొద్దుతిరుగుడు, గుమ్మడి గింజలు రోజుకి ఒకటో రెండో. వాటిలో కొవ్వు ఎక్కువ, రుచి మరిగితే మిగతావి ముట్టదు. వారానికి రెండుసార్లు ఉడికిన గుడ్డు తెల్లసొన గోరంత. కీరా, క్యారెట్, కొత్తిమీర గోరంత ముక్క, కొన్ని గంటల్లో తినకపోతే తీసెయ్యాలి. డ్వార్ఫ్‌లకి షుగర్ వచ్చే గుణం ఉంది, పళ్ళు పెట్టకండి. ఉల్లి, వెల్లుల్లి, నిమ్మజాతి, పచ్చి బంగాళాదుంప, పచ్చి రాజ్మా, చాక్లెట్, బిస్కట్, జంతికలు ఏవీ వద్దు. మన ఇళ్ళలో ఎండు రొయ్యలు చేతికి దొరుకుతాయి, దానికి మహా ఇష్టం కూడా, కానీ ఉప్పు పట్టించినవి పెట్టకూడదు. పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కాబట్టి మందు కొట్టని జామ కొమ్మ ఒకటి కడిగి ఎండబెట్టి వెయ్యండి. నీళ్ళ సీసా గొట్టంలో గోళీ ఇరుక్కుంటుంది, రోజూ వేలితో నొక్కి చూడండి.

పాపని కరవడానికి కారణం బహుశా పగలు నిద్రలో పట్టుకోవడం, లేదా పైనుంచి చెయ్యి దించడం. పైనుంచి వచ్చేది ఏదైనా దానికి గద్దే. వారం రోజులు ముట్టుకోకుండా, రాత్రి తొమ్మిదింటికి అది లేచాక కేజ్ పక్కన కూర్చుని మెల్లగా మాట్లాడమనండి. తర్వాత అరచేతిలో గింజ పెట్టి చెయ్యి కదపకుండా ఉంచమనండి. ఎక్కడం దాని ఇష్టం. పట్టుకునేటప్పుడు నేల మీద కూర్చోవాలి, కిందపడితే చిన్న ఎత్తైనా దానికి పెద్దదే. కరిచిన చోట సబ్బుతో బాగా కడగండి. ఇంట్లో పెరిగే హామ్‌స్టర్ల నుంచి రేబిస్ రావడం దాదాపు లేదు, అయినా టీటీ సంగతి మీ డాక్టర్ని అడగండి. ఇంట్లో గర్భిణులుంటే హామ్‌స్టర్ పనులు, కేజ్ శుభ్రం వాళ్ళకి అప్పగించకండి, దీని నుంచి కడుపులో బిడ్డకి హాని చేసే వైరస్ సోకే అవకాశం ఉంది. ఇది రెండేళ్ళు, మహా అయితే మూడేళ్ళు బతుకుతుందని కూడా పాపకి ఇప్పుడే చెప్పి ఉంచండి.

జబ్బుల్లో టెన్షన్ పడనక్కర్లేనివి రెండు. సిరియన్ నడుముకి అటూ ఇటూ నల్లటి మచ్చలు కనిపిస్తే అవి వాసన గ్రంథులు, పుండ్లు కావు. ఆడదానికి నాలుగు రోజులకోసారి తెల్లటి స్రావం, ఘాటు వాసన వస్తే అది దాని మామూలు చక్రం. పరుగెత్తాల్సింది తోక చుట్టూ తడిగా ఉండి, నీళ్ళ విరేచనాలై, ముడుచుకు కూర్చున్నప్పుడు. కొత్తగా కొన్న పిల్లల్లో వస్తుంది, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం తీస్తుంది. వంటింటి త్రాసు మీద వారానికోసారి బరువు తూచి రాసుకోండి, లోపలి జబ్బు ముందు అక్కడే కనపడుతుంది.

మందుల షాపులో అడిగి మనుషుల యాంటీబయాటిక్ చుక్క వేసెయ్యడం మాత్రం చెయ్యకండి. అమాక్సిసిలిన్ లాంటి పెన్సిలిన్ జాతి మందులు, క్లిండామైసిన్, ఎరిత్రోమైసిన్ హామ్‌స్టర్ పేగుల్లోని మంచి సూక్ష్మజీవుల్ని చంపి దాన్నే చంపేస్తాయి. జబ్బు కన్నా వేగంగా. మన ఊళ్ళో చాలామంది పశువైద్యులు కుక్కల్నీ పిల్లుల్నీ చూసేవాళ్ళే. అందుకే అవసరం రాకముందే నాలుగు క్లినిక్‌లకి ఫోన్ చేసి "హామ్‌స్టర్‌ని చూస్తారా, ఏ రోజుల్లో ఉంటారు?" అని కనుక్కుని నంబరు గోడ మీద రాసుకోండి. వైద్యుడు మందు రాసినప్పుడు కూడా అది హామ్‌స్టర్‌కి సరిపడేదేనా అని అడగడానికి మొహమాటపడకండి.

సంక్రాంతికి ఊరెళ్తే ఏం చెయ్యాలన్నారు. ఒక రాత్రికైతే నీళ్ళు, మేత పెట్టి వెళ్ళొచ్చు. అంతకు మించితే పక్కింటివాళ్ళకి తాళం ఇచ్చి రోజూ నీళ్ళ సీసా చూడమనండి. వెంట తీసుకెళ్తామంటే అరకు, లంబసింగి వైపు మాత్రం వద్దు. 10 డిగ్రీల లోపు చలికి హామ్‌స్టర్ కట్టెలా బిగుసుకుని చచ్చిపోయినట్టు పడి ఉంటుంది. అలా ఎప్పుడైనా కనిపిస్తే పాతిపెట్టే తొందర వద్దు, చేతుల్లో పెట్టుకుని మెల్లగా వెచ్చబెడుతూ అరగంట, గంట చూడండి. మీసాలు కదిలితే బతికే ఉన్నట్టు. లేచాక గోరువెచ్చని నీళ్ళు, కాస్త మేత పెట్టి, అదే రోజు డాక్టరుకి చూపించండి.

ఏ రకమో తేలకపోతే పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి పంపండి. మగా ఆడా చెప్పమంటే తోక కింద భాగం ఫొటో కూడా కావాలి. రెండు రంధ్రాల మధ్య ఎడం ఎక్కువుంటే మగది, దాదాపు ఆనుకుని ఉంటే ఆడది.